ఏనెబావి: మంటలతో మొదలైన ఊరుమ్మడి సేద్యము

హనుమకొండలోని సుబేదారి నుండి హైదరాబాదు రోడ్డు పట్టి కాజీపేట, స్టేషన్ ఘనపురం, రఘునాథపల్లి దాటి పోయినచో 50 కిలోమీటర్లకు పైబడి దూరమున జనగామ వచ్చును. అక్కడ దక్షిణమునకు తిరిగిన లింగాల ఘణపురం మండలము. ఆ మండలములో ఏనెబావి అను చిన్న పల్లె కలదు. ఇండ్లు సుమారు 50. సాగుభూమి 300 ఎకరములకు లోపు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఇది వరంగల్లు జిల్లాలో ఉండెను. ఆనాటి నుండి జనగామ జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది గాని, నేల అదే, వాన అదే, పురుగు అదే. అందుచేత ఈ పల్లె ముచ్చట వరంగల్లు రైతుకు పరాయి ముచ్చట కాదు.

చుట్టుప్రక్కల పేరుగల ఊళ్ళు చాల ఉన్నవి. పోతన గారిదని చెప్పుకొను బమ్మెర, సోమనాథుని పాలకుర్తి, ఇత్తడి రేకుల పనికి ప్రసిద్ధమైన పెంబర్తి, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, రామచంద్రస్వామి జాతర జరుగు జీడికల్ అన్నియు ఈ ప్రాంతములోనివే. వీటి నడుమ ఏనెబావికి ప్రత్యేకమైన పేరేమియు లేకుండెను. 2006లో ఈ ఊరివారు తమ పొలములన్నిటిలో, ప్రతి ఎకరములో, ప్రతి పంటపై పురుగుమందులను, రసాయనిక ఎరువులను మానివేసితిమని ప్రకటించుకొన్నారు. అప్పటి నుండి దూర ప్రాంతముల రైతులును, శాస్త్రజ్ఞులును, పత్రికలవారును ఈ పల్లెకు త్రోవ వెదకుకొని వచ్చినారు.

ఈ ఊరి గురించి విన్నవారు సాధారణముగా రెండు మాటలలో ఒకటి అందురు. కొందరు, "అది చిన్న ఊరు గనుక కుదిరినది, మాకు కుదరదు" అందురు. మరికొందరు, "రేపటి నుండి మేమును యూరియా మానెదము" అందురు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే. అక్కడ పని ఏ వరుసలో జరిగినదో తెలిసికొన్న పిమ్మట మీరే నిర్ణయించుకొనవచ్చును.

ముందుగా నేల సంగతి. జనగామ చుట్టు భూములు ఎక్కువగా ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు. నడుమ నడుమ రాతి గుట్టలు, పైకి తేలిన బండలు. ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిసినను, అది పడవలసిన నాడు పడక పడరాని నాడు పడుట మనకు అలవాటే. చల్క నేల నీటిని ఎక్కువ కాలము పట్టి ఉంచదు. పది దినములు వాన మొగము చాటు చేసినచో పైరు వాడిపోవును. అందుకే పెద్దలు ఇట్టి నేలలలో ఆముదము, కంది, జొన్న, పెసర వేసి, చెరువు క్రింద, బావి క్రింద మాత్రము వరి పెట్టెడివారు. తరువాత బోర్లు వచ్చినవి. వాటి వెంట పత్తి వచ్చినది. పత్తి వెంట మందుల డబ్బాలు వచ్చినవి.

1997-98 సంవత్సరము వరంగల్లు జిల్లా పత్తి రైతు మరువలేనిది. కాలము కాని కాలమున కురిసిన వానలకు పొగాకు లద్దె పురుగు విరుచుకొనిపడినది. ఒక మందు పనిచేయనిచో మరొకటి, అదియు పనిచేయనిచో రెండు మూడు కలిపి కొట్టినారు. పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. మందు ఇచ్చువాడును, అప్పు ఇచ్చువాడును, పత్తి కొనువాడును ఒక్కడే అయినచోట రైతుకు బేరమాడు నోరు ఉండదు. పత్తికి తెచ్చిన మందునే త్రాగి ఆ ఏట ఎందరో రైతులు ప్రాణములు విడిచినారు. ఏనెబావి వారి పనికి వెనుక ఉన్న కాలము ఇది. వారు సరదాకు చేసిన ప్రయోగము కాదు.

అయితే వారి పని పత్తితో మొదలు కాలేదు, ఆముదముతో మొదలైనది. పురుగు ఎర్ర గొంగళి పురుగు. మన ప్రాంతములో దీనిని బొంత పురుగు అందురు. వర్షాధారపు ఆముదమునకు, వేరుశనగకు, పెసరకు, కందికి ఇది పెద్ద శత్రువు. దీని జీవితము తెలిసినచో దీనిని జయించు మార్గము దానంతట అదే కనబడును గనుక కొంచెము వివరముగా చెప్పెదము.

ఈ పురుగు సంవత్సరములో సుమారు పది నెలలు భూమిలోనే కోశముగా నిద్రించును. గట్ల క్రింద, చెట్ల నీడన, కొంచెము చెమ్మ నిలుచు చోట, జానెడు లోతుకు లోపల ఉండును. తొలకరిలో మంచి వాన పడి నేల తడిసిన రెండు మూడు దినములలో రెక్కల పురుగులు ఒక్కసారిగా బయటికి వచ్చును. ముందు రెక్కలు తెల్లగా ఉండి వాటిపై గోధుమవన్నె చారలును, అంచున పసుపు గీతయు ఉండును. చీకటి పడిన తరువాత ఎగురును. దీపము కనబడిన చోటికి పోవును. ఆడ పురుగు లేత మొక్కల ఆకుల అడుగున గుంపులు గుంపులుగా వందల గుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములకు గుడ్లు పగులును. పిల్ల పురుగులు మొదట ఒకే ఆకుపై గుంపుగా ఉండి పచ్చదనమును గీకి తినును. ఆకు జల్లెడవలె అగును. కొన్ని దినములకు చెల్లాచెదరై, ఒంటినిండ వెండ్రుకలు పెరిగి, ఒక చేను తిని రెండవ చేనికి దండుగా నడచి పోవును. ఈ దశలో మందు కొట్టిన ప్రయోజనము బహు తక్కువ. నెల, నలువది దినములు తిని, మరల భూమిలోనికి పోవును. అది మరల కనబడునది వచ్చు తొలకరికే.

ఇందులో రైతుకు అనుకూలమైనవి మూడు సంగతులు ఉన్నవి. పురుగు ఏ వారములో వచ్చునో వానయే చెప్పును. వచ్చినది వెలుతురునకు వచ్చును. ఏటికి ప్రధానముగా ఒక్క తరమే గనుక, ఆ వారములో తల్లులను చంపినచో ఆ ఏటికి బాధ చాలవరకు తీరినట్లే.

ప్రతికూలమైనది ఒక్కటే ఉన్నది. అదే అన్నిటికన్న పెద్దది. మీరు ఒక్కరే మీ చేని గట్టుపై మంట వేసినారనుకొనుడు. ప్రక్క చేలలోని రెక్కల పురుగులన్నియు మీ చేనికే వచ్చును. కొన్ని మంటలో పడును. పడనివి మీ ఆముదముపైననే గుడ్లు పెట్టును. మంచి పని ఒంటరిగా చేసినందుకు మీకే నష్టము. ఊరంతా ఒకే రాత్రి, ఒకే వేళకు, అన్ని గట్లపై మంటలు వేసినచో మాత్రము పురుగుకు పోవు చోటు ఉండదు.

ఈ కిటుకును పట్టుకొని 1990ల చివరి భాగములో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అను సంస్థ తెలంగాణ మెట్ట గ్రామములలో రైతులను కూడగట్టినది. జనగామ ప్రాంతములో క్రాప్స్ అను స్వచ్ఛంద సంస్థ ఊరూర ఈ పని చేసినది. ఏనెబావి వారు ఆ దారిలోనికి వచ్చినారు. తొలకరి వాన పడినంతనే ఊరివారు కలిసి చేలలో మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి రెక్కల పురుగులను చంపుట, గుడ్ల సముదాయములు గల ఆకులను ఏరి వేయుట, అప్పటికిని మిగిలిన పురుగులకు వేప కషాయము కొట్టుట వారి పద్ధతి. ఆముదము దక్కినది. అంతకన్న ముఖ్యముగా, కలిసి చేసిన పని ఫలించునను నమ్మకము ఊరికి దక్కినది. తరువాత పత్తికి, వరికి, కూరగాయలకు, మిరపకు ఇదే నమ్మకము పెట్టుబడి అయినది.

మీ ఊరిలో మంటలు వేయదలచినచో కొన్ని జాగ్రత్తలు అవసరము. రాత్రి 7 గంటల నుండి 11 గంటల వరకు వేసిన చాలును. వాన పడిన మరునాటి నుండి వరుసగా నాలుగైదు రాత్రులు వేయవలెను. గడ్డివాములకు, పాకలకు దూరముగా, గాలి వాటము చూచుకొని వేయవలెను. పాత టైర్లు కాల్చవద్దు. ఆ పొగ మీ పిల్లల రొమ్ములకు చేటు. కరెంటు ఉన్నచోట బల్బు క్రింద వెడల్పు తొట్టిలో నీరు పోసి, కొంచెము కిరోసిను వేసి పెట్టవచ్చును. ఏటి పొడుగునా దీపములు పెట్టుట మంచిది కాదు. మనకు మేలు చేయు పురుగులును వాటిలో పడి చచ్చును. ఒకవేళ ఆలస్యమై, పెద్ద పురుగులు నడచి వచ్చుచున్నచో, చేని చుట్టు జానెడున్నర లోతు కందకము తీసి, జిల్లేడు కొమ్మలు, గుమ్మడి ఆకులు అక్కడక్కడ పరచవలెను. పురుగులు వాటి క్రింద చేరును. ఉదయమున ఏరి చంపవలెను.

ఊరంతా కలిసి పురుగును గెలిచిన కథ మన దేశమునకే పరిమితము కాదు. ఇండోనేషియాలోని జావా దీవి గ్రామములను చూడండి. అక్కడి రైతులును మనవలెనే చిన్న కమతములవారు, వరి పండించువారు. 1970 తరువాత అధిక దిగుబడి వంగడములతోపాటు ప్రభుత్వము పురుగుమందులను పెద్ద రాయితీపై ఇచ్చినది. చౌకగా దొరికిన మందును రైతులు ధారాళముగా కొట్టినారు. సుడిదోమ తగ్గకపోగా, చేలకు చేలు కాలినట్లు ఎండిపోయినవి. కారణము విచిత్రము. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడిమ లోపల దాచును. మందు వాటికి తగులదు. పైన తిరుగు సాలీళ్ళు, మిరిడ్ నల్లులు మాత్రము మందుకు చచ్చును. గుడ్లు పగిలి దోమ బయటికి వచ్చునప్పటికి దానిని తినువారు ఎవరును మిగులరు. మందే దోమను పెంచినది.

1986 నవంబరులో ఆ దేశాధ్యక్షుడు 57 రకముల మందులను వరిపై వాడరాదని ఉత్తరువు చేసినాడు. రాయితీ కూడ కొద్ది ఏండ్లలో తీసివేసినారు. 1989లో జావా మధ్య భాగమున, యోగ్యకర్త ప్రాంతములో, రైతుల పొలములోనే బడి పెట్టినారు. సుమారు 25 మంది రైతులు పంట కాలమంతయు వారమునకు ఒకసారి చేనిలో దిగి, దోమలెన్ని, సాలీళ్ళెన్ని లెక్కించి, బొమ్మ గీసి, మందు కావలెనో వద్దో తామే తేల్చుకొనుట ఆ బడి పాఠము. ఉపన్యాసములు తక్కువ, లెక్కింపు ఎక్కువ. మన వ్యవసాయ శాఖవారు నడిపిన "పొలంబడి" ఆ బడికి చెల్లెలే. వరి దుబ్బును కొంచెము వంచి మొదళ్ళు చూడనిదే, దోమకు మందు కొట్టితినని చెప్పువాడు గాలికి మందు కొట్టినవాడే అని మా అభిప్రాయము.

జావా వారికి పై నుండి ఉత్తరువు వచ్చినది. ఏనెబావికి అట్టి ఉత్తరువేదియు రాలేదు, ఊరే నిర్ణయించుకొన్నది. మన తెలుగునేలపైననే అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల అను ఊరు అంతకు ముందే పురుగుమందులకు స్వస్తి చెప్పి ఉండెను. ఏనెబావి వారు ఇంకొక అడుగు ముందుకు వేసి రసాయనిక ఎరువులను కూడ మానినారు. ఈ రెండవ అడుగులో 2004లో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రమువారును వారికి తోడుగా నిలిచినారు. వరుస గమనించండి. మొదట ఒక పంటపై ఒక పురుగు. తరువాత అన్ని పంటలపై మందులు. ఆ పిమ్మటనే ఎరువులు. దీనికి చాల ఏండ్లు పట్టినది.

ఎరువులు ఒక్కసారిగా మానిన ఫలితము శ్రీలంకలో చూచినాము. 2021లో అక్కడి ప్రభుత్వము రసాయనిక ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించినది. పశువుల ఎరువు సిద్ధముగా లేదు, రైతుకు శిక్షణ లేదు. వరి దిగుబడి బాగా పడిపోయినది. అదే ఏడు నవంబరులో నిషేధమును ఎత్తివేయవలసి వచ్చినది. భూమి ఒకనాటిలో అలవాటు మార్చుకొనదు. చల్క నేలలో సేంద్రియ పదార్థము బహు స్వల్పము. దానిని పెంచక ముందే యూరియా మానుట, మేత వేయక ముందే పాలు పిండబోవుట వంటిది.

నేలకు మేత ఏది? ఏనెబావిలో చెరువు మట్టి, పశువుల పెంట, వానపాముల ఎరువు, ఆవు పేడ మూత్రములతో కలిపిన ద్రావణములు వాడినారు. వీటిలో చల్క నేల రైతు మొట్టమొదట తలచవలసినది చెరువు మట్టి. ఒండ్రులోని బంకమన్ను చల్కలో కలిసినచో తేమ మరి కొన్ని దినములు నిలుచును. వానకు వానకు మధ్య ఆ కొన్ని దినములే పంటను కాపాడును. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఎన్నో చెరువుల మట్టి గట్టుకు వచ్చినది. తోలుకొన్నవారు బాగుపడినారు. తోలుకొనుటకు ముందు ఆ మట్టిని పరీక్ష చేయించవలెను. చౌడు ఉన్న మట్టి మేలు కన్న కీడే చేయును.

వేప గింజల కషాయము అందరికి తెలిసినదే అయినను, చాలమంది సగమే సరిగా చేయుదురు. వేప పండ్లు రాలు దినములలోనే ఏరి, గుజ్జు తీసి, నీడన ఆరబెట్టి, గాలి తగులు సంచులలో దాచవలెను. ఎండలో ఆరిన గింజకును, బూజు పట్టిన గింజకును బలము ఉండదు. 5 కిలోల గింజల పొడిని పలుచని గుడ్డలో మూట కట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతయు నానబెట్టి, తెల్లవారి మూటను పలుమారులు పిండి, వడపోయవలెను. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తము 100 లీటర్లు చేసికొని, అదే దినము సాయంకాలము చల్లవలెను. మంచి ఎండలో చల్లిన కషాయము త్వరగా చెడును. ఇది చిన్న పురుగుపై పనిచేయును. బాగుగా పెరిగిన పురుగుపై దీనిని నమ్ముకొనరాదు. ఇది కొట్టగానే పురుగులు టపటప రాలవు, మేత మానును. మరునాడు చావలేదని దుకాణమునకు పరుగెత్తినవారు పలువురు కలరు.

ఇక ఏనెబావి నియమములలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది కౌలు నియమము. ఊరి భూమిని కౌలుకు చేయువారు కూడ ఊరి పద్ధతి ననుసరించియే చేయవలెనని కట్టడి చేసికొన్నారు. ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. కౌలుదారునకు భూమి ఒక ఏటిదే. చెరువు మట్టి తోలినచో ఫలము మూడవ ఏట వచ్చును, అప్పటికి భూమి ఎవరి చేతిలో ఉండునో తెలియదు. అతడు మందు మానలేకపోవుటకు అజ్ఞానము కారణము కాదు, గడువు కారణము. కనుక ఒక్క ఏటి కౌలు కాక మూడు నాలుగు ఏండ్ల కౌలు మాట్లాడుకొనుట, మట్టి తోలిన ఖర్చులో భూస్వామి పాలు పంచుకొనుట మీ ఊరిలో ముందు తేలవలసిన సంగతులు. ఈ సంగతి తేల్చక ఊరంతా సేంద్రియమని బోర్డు వ్రాసిన ప్రయోజనము లేదు.

2002 తరువాత దేశమంతట వ్యాపించిన బీటీ పత్తిని కూడ ఏనెబావి వారు వద్దనుకొన్నారు. ఈ విషయమున శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములు కలవు. కాని గులాబి రంగు పురుగు బీటీని తట్టుకొనుట నేర్చిన సంగతి మీ చేలలోనే మీరు చూచుచున్నారు. విత్తనము ఏదైనను, పత్తి కట్టెను సంక్రాంతి దాటి చేనిలో ఉంచినచో ఆ పురుగును మీరే పోషించినట్లు. అక్కడ కూడ ఒకడు పీకి పదిమంది ఉంచినచో ఫలము సున్న.

అమ్మకము మాట దాచిపెట్టరాదు. మందు లేక పండిన ధాన్యమునకు బజారులో ప్రత్యేక ధర దానంతట అది రాదు. ఖర్చు తగ్గినదే మొదటి లాభము; హెచ్చు ధర రెండవది, దానికి కొనువారిని వెదకుకొనవలెను. ధర వచ్చునను ఆశతో మొదలుపెట్టినవారు ధర రాని ఏట మానివేయుదురు. అప్పు తగ్గవలెనని మొదలుపెట్టినవారు నిలుతురు. కూలీల అవసరము కొంత పెరుగుననియు, పశువులు లేని ఇంటికి ఎరువు కొరత తప్పదనియు కూడ ముందే లెక్క వేసికొనవలెను.

మీ ఊరిలో 300 ఎకరములు కాక 3000 ఎకరములు ఉన్నచో ఏమి చేయవలెను? ఊరు మొత్తము అక్కర లేదు. ఒక చెరువు క్రింది ఆయకట్టు గాని, ఒక వాగుకు ఇవతలి చల్కలు గాని ఒక తునకగా తీసికొనుడు. ఆ తునకలో చేలు గల ముప్పది, నలువది మంది ఒక సాయంకాలము కూర్చుండి ఒక పంట, ఒక పురుగు ఎంచుకొన్న చాలును. వేసవిలో లోతుగా దున్ని కోశములను ఎండకు, కొంగలకు, కాకులకు అప్పగించవలెను. రోహిణి కార్తెలో గట్ల క్రింద, చింత, వేప చెట్ల నీడన జానెడు లోతు త్రవ్వి చూచినచో కోశములు ఎక్కువగా ఉన్నవో లేవో తెలియును. పిల్లలకు ఈ పని అప్పగించిన సంతోషముగా చేయుదురు. ఎవరి గట్టుపై ఎవరు మంట వేయవలెనో, మొదటి రాత్రి ఎవరు కేకవేసి చెప్పవలెనో ముందే అనుకొనవలెను. మృగశిర రాకముందే కంది కట్టె, పత్తి కట్టె పొడిగా ఒకచోట కప్పి ఉంచుకొనుడు. తొలకరికి తడిసిన కట్టె ఆ రాత్రికి మండదు.